రొయ్య తలచిప్ప మీద తెల్ల మచ్చలు

నేను పుట్టు పిరికిదాన్ని. బందరులో బీఎస్సీ జువాలజీ అవగానే ఓ రొయ్యల మేత కంపెనీ మా కాలేజీకే వచ్చి ఉద్యోగమిస్తే, సంతోషం కంటే ముందు గుండెదడ వచ్చింది. తొంభైల నడిమి రోజులవి. దివిసీమలో వరి పొలాలు రొయ్యల చెరువులవుతున్నాయి, కంపెనీలకు మాలాంటి డిగ్రీవాళ్ళు కావాలి. ఆరు నెలలు ట్రైనీ. పని నచ్చితే పర్మనెంటు, నచ్చకపోతే మళ్ళీ మా వీధి పిల్లలకు ట్యూషన్లు.

మగపిల్లల్ని చెరువుల మీదికి పంపారు. ఎవరి ఊళ్ళో మేత ఎక్కువ అమ్ముడైతే వాళ్ళకి మీటింగులో చప్పట్లు, చేతి గడియారం. నన్ను బందరు ల్యాబులో కూర్చోబెట్టారు. రైతులు పాలిథిన్ కవర్లలో నీళ్ళతో సహా రొయ్యలు పట్టుకుని బస్సెక్కి వచ్చేవారు. రొయ్య తలచిప్ప ఒలిచి, కడిగి, వెలుతురుకు పట్టి చూడాలి. తెల్ల మచ్చలుంటే ఆ చెరువు రోజుల్లో పోతుంది. వెంటనే పట్టి అమ్ముకుంటే కొంతైనా దక్కుతుంది.

మా మేనేజరు గారు నేర్పిన మొదటి పాఠం మాత్రం వేరు. "మచ్చలు కనపడితే నాకు చెప్పమ్మా, రైతుకు కాదు. ఒకడు భయపడి చెరువు పట్టేశాడంటే ఊరంతా పట్టేస్తారు. ఇంక మేత ఎవరికి అమ్ముతాం?"

తల ఊపాను. అది నాకు బాగా వచ్చు.

ఆరో నెలలో ఒక మధ్యాహ్నం, ఆయన గుడివాడ వెళ్ళినప్పుడు, కోడూరు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. చిప్ప వెలుతురుకు పట్టగానే మచ్చలు. సాయంత్రం రండి, సారు చెప్తారు అనాలి. ఆయనేమో బల్ల మీద కూర్చుని నా మొహమే చూస్తున్నాడు.

"ఏమ్మా, బానే ఉందా?"

"ఇవాళే పట్టించేయండి బాబాయి గారూ" అనేశాను. ఆయన వెళ్ళాక తలుపేసుకుని ఏడ్చాను. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

పోలేదు. ఆ వారంలోనే ఆ పెద్దాయన చుట్టుపక్కల చెరువులన్నీ పోయాయి, ఆయనొక్కడే గట్టెక్కాడు. దాంతో వచ్చిన రైతల్లా ఆ అమ్మాయి చూస్తేనే నమ్ముతాం అనడం మొదలెట్టాడు. మేనేజరు గారు పిలిచారు. ఆయన కుర్చీ చూపించి, పర్మనెంటు చేశామన్నారు, జీతం పెంచామన్నారు.

"నీ మాట మీద వాళ్ళకి గురి కుదిరిందమ్మా. ఇకనుంచి ఫలితం నువ్వే చెప్పు. ఏం చెప్పాలో నేను చెప్తాను. మచ్చలున్నా సరే, మందు వాడండి, మేత ఆపొద్దు అను."

మందు కూడా మా కంపెనీదే, ఆ మచ్చలకది పనిచేయదు. తిట్టినా బాగుండేది. అంతవరకూ ఉద్యోగం పోతుందని భయపడ్డాను, ఆ రోజు నుంచి అది ఉన్నందుకు భయం పట్టుకుంది.

మర్నాడు నాగాయలంక నుంచి ఒకావిడ వచ్చింది. మొగుడు చెరువు దగ్గరే ఉన్నాడట, కవరు తను పట్టుకొచ్చింది. అద్దాల గదిలోంచి మేనేజరు గారు చూస్తున్నారు. చిప్ప ఒలిచాను. మచ్చలు.

"మందు వాడండమ్మా... మేత..." అన్నాను. ఆపొద్దు అని మాత్రం అనలేకపోయాను.

ఆవిడ నా మొహంకేసి కాసేపు చూసింది. లేచి కొంగు బిగించింది.

"ఎస్టీడీ బూతు ఎక్కడుందమ్మా? వలవాళ్ళకి కబురు చెప్పాలి. ఇవాళే పట్టించేస్తాం."

వీధి చివర అని చేత్తో చూపించాను. నా వెనక అద్దాల గది తలుపు తెరుచుకుంది.