నలభై రోజుల మంచితనం

అస్ఫీ రేవులో చేపల కాటా దగ్గర నిలబడి జిలాలి ఇరవై ఎనిమిదేళ్లుగా తూకాలు అరుస్తున్నాడు. కవళ్ల చేపలు పట్టే పడవలు ఒడ్డుకు ఆనినప్పుడే అతనికి తెల్లవారేది. అది ఒకనాడు అర్ధరాత్రి కావచ్చు, మర్నాడు మూడింటికి కావచ్చు. ఊరు లేచి రొట్టెలకు బయల్దేరే వేళకు అతను ఇంటికొచ్చి, రబ్బరు బూట్లు గుమ్మం బయట విడిచి, కిటికీకి దుప్పటి కట్టి పడుకునేవాడు. పడుకునేవాడే గాని నిద్ర పట్టేది కాదు. బట్టలు తెల్లబరిచే మందునీళ్లు అమ్మేవాడి కేకలు ఒకపక్క, పైవాటా పిల్లల గంతులు ఒకపక్క.

అందుకని మందు. మొదట్లో నిద్ర కోసం ఒక గ్లాసు ఎర్ర వైను. పదేళ్లకు అది సీసా అయింది, తరవాత సీసాన్నర అయింది. తాగితే ఒళ్లు తెలియకుండా పడిపోయేవాడు. రెండు గంటలకల్లా నోరెండిపోయి లేచి కూచునేవాడు. సాయంత్రం ఇంకో రెండు గంటలు కునుకు తీసేవాడు. ఆ రెండు ముక్కల్నే నిద్ర అని పిలుచుకుంటూ ఇంతకాలం నెట్టుకొచ్చాడు.

సీసాకు కొట్టువాడు నల్ల సంచి ఇస్తాడు. ఆ నల్ల సంచిలో ఏముంటుందో ఊళ్లో చంటిపిల్లలకు కూడా తెలుసు. కాబట్టి జిలాలి దారిలో ఒక పుదీనా కట్ట కొని, ఆకులు బయటికి కనబడేలా పైన పెట్టుకునేవాడు. పక్కింటి హద్దా ఒకరోజు అతని భార్య మిలూదాను ఆపి, "ఈ వీధిలో మీ అంత పుదీనా వాడే ఇల్లు లేదమ్మా! ఒకసారి మీ ఇంట్లో టీ తాగాలి నేను" అంది. మిలూదా నవ్వి ఊరుకుంది. ఇంటికొచ్చాక మాత్రం నవ్వలేదు.

తాగిన మందు నలభై రోజులు ఒంట్లో ఉంటుందని, ఆ ఒంటితో పట్టిన ఉపవాసం చెల్లదని రేవులో అందరికీ గట్టి నమ్మకం. రంజానుకు సరిగ్గా నలభై రోజుల ముందు జిలాలి, ఐసు మర నడిపే అతని నేస్తం బుషాయిబ్ కూడబలుక్కుని మానేసేవాళ్లు. కాళ్లదాకా దిగే తెల్లటి జెల్లాబా అంగీలు తొడుక్కుని మసీదులో ముందు వరసకు చేరేవాళ్లు. మసీదు చూసుకునే సీ అల్లాల్ వాళ్లను చూసి, "వచ్చారా! ఇక నేను క్యాలెండరు చూడక్కర్లేదు" అనేవాడు.

ఇదంతా నవ్వుకునే సంగతే. నవ్వు రాని సంగతి ఇంకొకటి ఉంది, అది జిలాలి ఎవరికీ చెప్పలేదు. దొడ్డికి వెళ్తే నెత్తురు పడుతోంది.

మొదటిసారి చూసినప్పుడు ముందురోజు తిన్న ఎర్ర మిరపకారాన్ని తిట్టుకున్నాడు. రెండోసారి మొలలనుకుని మూలికల కొట్టుకు వెళ్లాడు. కొట్టువాడు ఏదో పొడి ఇచ్చి, "తేనెలో కలుపుకో, కూచుని చేసే పని తగ్గించుకో" అన్నాడు. కాటా దగ్గర రాత్రంతా నిలబడే మనిషికి ఆ సలహా ఎందుకో ఇద్దరికీ తట్టలేదు. చిత్రమేమిటంటే, ఏటా ఆ నలభై రోజుల్లో నెత్తురు తగ్గినట్టుండేది. "చూశావా, ఒళ్లు కడుక్కుపోతోంది" అని జిలాలి తనకు తానే చెప్పుకునేవాడు. పండగ వెళ్లిన రెండోనాడు మళ్లీ పుదీనా కొనేవాడు.

ఈ ఏడు మానేసి పన్నెండు రోజులైంది. నెత్తురు తగ్గలేదు సరికదా, ఎక్కువైంది. పైగా బెల్టు రెండు బొక్కలు లోపలికి జరిగింది. జిలాలికి మొదటిసారి భయం వేసింది. మిలూదా ఏమీ అడక్కుండానే ఆరోగ్యకేంద్రానికి తోడొచ్చింది.

బయట అరవైమంది, లోపల ఒక్క డాక్టరు, నవాల్ అనే పడుచు పిల్ల. తల ఎత్తకుండా అడిగింది.

"నెత్తురు ఎన్నాళ్లనుంచి?"

"పన్నెండు రోజులమ్మా."

"మందు అలవాటుందా?"

"లేదు. దేవుడి మీద ఒట్టు."

"నిద్ర?"

"అందరిలాగే."

మిలూదా పైకప్పు వంక చూస్తూ కూచుంది. డాక్టరు రాసుకుంది. మొలలకు పూత రాసిచ్చి, తగ్గకపోతే పండగ వెళ్లాక రమ్మంది.

జిలాలి ఆ పూత గొట్టం జేబులో వేసుకుని రేవుకు వెళ్లాడు, గండం గడిచినట్టు. మర్నాడు పొద్దున చివరి పడవ తూకం అవుతుండగా అతని కళ్ల ముందు కాటా ముల్లు రెండుగా కనిపించింది. తూకం అరవబోయి "నలభై... నలభై..." అంటూ పెట్టెల మీదికి ఒరిగాడు. బుషాయిబ్ పరిగెత్తుకొచ్చి ఐసు ముక్క మొహానికి రాసి, గోడకు ఆనించి కూచోబెట్టాడు. జిలాలి పెదాలు చేప పొట్టలా తెల్లగా ఉన్నాయి. ఇక దాచలేక అంతా చెప్పేశాడు.

"పన్నెండు రోజులన్నావా? ఒరే, పోయినేడు మా ఇంటికి భోజనానికొచ్చినప్పుడు కూడా నువ్వు కూచోలేక నిలబడి తిన్నావు కదరా!"

"అప్పుడు తాగుతున్నాను. నెత్తురు లెక్క చెబితే తాగుడు లెక్క కూడా చెప్పాలి."

"తాగుతావా అంటే తాగనన్నావు!"

"అబద్ధం కాదుగా. పన్నెండు రోజులుగా చుక్క ముట్టలేదు. ఒట్టు ఎందుకు వేశాననుకున్నావు?"

బుషాయిబ్ చేతిలో కరిగిన ఐసు ముక్క విసిరేశాడు. "దేవుడి దగ్గర గెలిచావులేరా. ఆ పిల్ల దగ్గర ఓడిపోయావు. మందు రాసేది ఆవిడ."

ఇంటికెళ్లాక జిలాలి మిలూదాతో, "మళ్లీ వెళ్దామా?" అన్నాడు. ఆవిడ అప్పటికే జెల్లాబా తొడుక్కుని ఉంది.

ఈసారి డాక్టరు గది తలుపు సరిగా పడలేదు. చెక్క ఉబ్బి జానెడు తెరుచుకునే ఉంది. ఆ సందులోంచి చూస్తే వరసలో మొదట కూచున్నది సీ అల్లాల్. జిలాలి గొంతు తగ్గించి, "అమ్మా, మొన్న నేను కొంచెం తక్కువ చెప్పాను" అన్నాడు.

"ఏం తక్కువ?"

"అదే... తాగుడు."

"తాగుడా? రోజుకు ఎంత?" డాక్టరమ్మది పెద్ద గొంతు.

జిలాలి ఒక వేలు చూపించాడు, తరవాత దాన్ని సగానికి మడిచి ఇంకో వేలు పక్కన పెట్టాడు.

"సీసాన్నరా! ఎన్నేళ్లు?"

బయట దగ్గులు ఆగిపోయాయి. జిలాలి మొహం ఇటుకలా ఎర్రబడింది. పదిహేనేళ్లన్నాడు. రోజుకు నాలుగు గంటలు, అదీ రెండు ముక్కలుగా పడుకుంటానన్నాడు. నెత్తురు రెండేళ్లుగా పడుతోందన్నాడు.

"మూడేళ్లు," అంది మిలూదా.

జిలాలి ఉలిక్కిపడి ఆవిడ వైపు తిరిగాడు.

"బట్టలు ఉతికేది నేను," అంది ఆవిడ డాక్టరు వంకే చూస్తూ. "సిగ్గుపడతాడని అడగలేదు. అడగాల్సింది."

డాక్టరు కలం కింద పెట్టింది. ఆవిడ గొంతు ఇప్పుడు తగ్గింది. "ఇలాంటప్పుడు పూత రాయకూడదు. పెద్దాసుపత్రికి పంపుతాను. కెమెరా ఉన్న గొట్టంతో పెద్దపేగు లోపల చూస్తారు. ఈ వారంలోనే."

"అమ్మా, ఒకటి అడగనా? నలభై రోజులు నిండితే కడుక్కుపోదా?"

"మందు ఒకటి రెండు రోజుల్లోనే నెత్తుర్లోంచి పోతుంది. నలభై అక్కర్లేదు. పదిహేనేళ్లు అది పేగుకు చేసింది మాత్రం పోదు. రాత్రిని పగలు, పగటిని రాత్రి చేసుకుని నిద్ర ముక్కలు చేసుకున్నా ఒళ్లు పాడవుతుంది. పేగులో గడ్డలు పుట్టే ప్రమాదం వీటన్నిటితో పెరుగుతుంది. మీకు అదే వచ్చిందని, అందుకే వచ్చిందని నేను చెప్పలేను. ముందు చూడాలి."

"మరి ఇన్నేళ్లు ఏటా మానేసిందంతా?"

"ఆ నలభై రోజులు, రంజాను నెల కలిపి ఏడాదికి రెండున్నర నెలలు ఒళ్లు మీకు మొక్కుకుని ఉంటుంది. మిగతా తొమ్మిదిన్నర నెలల సంగతేమిటి?"

బయటికొస్తుంటే సీ అల్లాల్ లేచి దారి ఇచ్చాడు. అతనికి క్యాలెండరు మాట గుర్తొచ్చి ఉంటుంది, పైకి అనలేదు. "నువ్వెళ్లి పడుకో నాయనా" అన్నాడంతే. వెక్కిరిస్తే బాగుండేదనిపించింది జిలాలికి.

పరీక్షకు ముందురోజు పేగు ఖాళీ చేసుకోమని తెల్లటి మందు నీళ్లు నాలుగు లీటర్లు ఇచ్చారు. మూడు కుటుంబాలకు ఒకటే దొడ్డి ఉన్న ఇల్లు అది. మిలూదా పొద్దున్నే పైవాటా తలుపు తట్టి, "ఇవాళ దొడ్డి మాది. పనులుంటే మీ చుట్టాలింటికి వెళ్లండి" అని కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది. జిలాలి గ్లాసు తరవాత గ్లాసు తాగుతూ, "ఇంత తాగినా మత్తు ఎక్కలేదేమే!" అన్నాడు. మిలూదా నవ్వబోయి కళ్లు తుడుచుకుంది.

కెమెరా గొట్టంతో చూస్తే పేగులో గడ్డ కనిపించింది. ముక్క తీసి పరీక్షకు పంపారు. తొమ్మిది రోజులకు చెడ్డదే, క్యాన్సరే అని తేలింది.

ఆపరేషన్ చేసే డాక్టరు తల నెరిసిన మనిషి, ముభావి. ఎదుట కుర్చీలో కూచోగానే జిలాలి ఊపిరి తీసుకోకుండా మొదలుపెట్టాడు. "యాభై ఆరేళ్లండి. రోజుకు సీసాన్నర, పదిహేనేళ్లు. ఆపి ముప్పై రోజులు. నిద్ర నాలుగు గంటలు, రెండు ముక్కలు. నెత్తురు మూడేళ్లు, ఆవిడ లెక్క ప్రకారం, అదే సరైన లెక్క."

"నేను మీ పేరు అడగబోతున్నాను," అన్నాడు డాక్టరు.

అయినా అన్నీ రాసుకున్నాడు. మూడేళ్లు అన్నచోట కలం ఆగింది. కాగితాలు వెనక్కీ ముందుకీ తిప్పి చూశాడు.

"ఆపరేషన్ పండగ వెళ్లాక పెట్టుకుందామనుకున్నాను. అంతవరకూ ఆగొద్దు. మంగళవారం చేరండి. ఎంత లోపలికి పాకిందో కోస్తేనే తెలుస్తుంది. ఆ తరవాత మందు ముట్టనే వద్దు. రాత్రి పని మానెయ్యండి. మానేస్తే తిరిగిరాదని మాటివ్వలేను, మానకపోతే మాత్రం నా పని సగం వృథా."

మెట్లు దిగుతూ జిలాలి, "మంగళవారమే అన్నాడు, మంచిదేగా? వరసలో ఎంతమంది ఉన్నా ముందు నన్నే పిలిచాడు" అన్నాడు. మూడు మెట్లు దిగాక ఆగిపోయాడు. "అంత తొందర ఎందుకంటావు?"

మిలూదా అతని చెయ్యి తన చంకలోకి లాక్కుని, మిగతా మెట్లు ఒక్కొక్కటిగా దింపింది.