వంతెన మీది వంటిల్లు

మా పక్క కొట్టు బూజియాన్‌ది. శనగపిండి జారుగా కలిపి, పెద్ద పళ్ళెంలో పోసి, పొయ్యిలో పైన ఎర్రటి మచ్చలు తేలేదాకా కాల్చి, ముక్కలు కోసి, రొట్టెలో పెట్టి జీలకర్ర చల్లి ఇస్తాడు. మొరాకోలోని మా ఉజ్దాలో దాన్ని కరాన్ అంటాం. మధ్యాహ్నం ఎండ వాలేసరికి అతని పళ్ళెం ఖాళీ. అప్పుడు షట్టరు సగానికి దించి, బల్ల తుడిచి, లాప్‌టాప్ తెరిచి కూర్చుంటాడు. ఆ లాప్‌టాప్ నా దగ్గర కొన్నదే. నాది ఫోన్లు బాగుచేసే కొట్టు.

మనిషి మంచివాడే గానీ మహా మొండి. సందు మొదట్లో టీ కొట్టువాళ్ళు కుర్చీలు దారికి అడ్డంగా వేసేవారు. మేమంతా గొణుక్కుంటూ చుట్టూ తిరిగి వెళ్ళేవాళ్ళం. బూజియాన్ మాత్రం కాలే పళ్ళెం నెత్తిన పెట్టుకుని సరిగ్గా ఆ కుర్చీల మధ్యలోంచే నడిచేవాడు. కూర్చున్నవాళ్ళే చటుక్కున లేచి దారిచ్చేవారు. అరవడు, తిట్టడు. పక్కకి జరగడు, అంతే.

అతని తల్లి రబ్హా పుట్టిల్లు మగ్నియా. సరిహద్దుకి అవతల అల్జీరియాలో ఉంది ఆ ఊరు. కారెక్కితే పోసిన టీ చల్లారేలోగా చేరిపోయేంత దూరం. కానీ బూజియాన్ చిన్నప్పుడే ఆ సరిహద్దు మూసేశారు. ఇప్పుడు వెళ్ళాలంటే ట్యునిస్ దాకా విమానంలో పోయి చుట్టు తిరిగి రావాలి. అందుకే ఎవరూ వెళ్ళరు. రబ్హా అక్క అక్కడే ఉండిపోయింది. అక్క కూతురు ఖైరాని బూజియాన్ జీవితంలో ఒక్కసారే చూశాడు, ఒక పెళ్ళిలో. బాదం మిఠాయి దగ్గర కొట్టుకుంటే అతని చెయ్యి కొరికింది.

ఖైరా అక్కడ పెళ్ళిబట్టలు కుడుతుంది. ఒకసారి మెట్ల మీంచి పడి కాలికి కట్టు వేయించుకుని మంచంలో ఉన్నప్పుడు, పొద్దుపోక దిమ్మెల ఆట నేర్చుకుంది. చదరపు దిమ్మెలతో కొండలు, నదులు, చెట్లు. మట్టి తవ్వుకోవచ్చు, రాయి కొట్టుకోవచ్చు, ఇల్లు కట్టుకోవచ్చు. ఒకే సర్వర్‌లో ఎక్కడెక్కడి మనుషులో కలిసి ఆడతారు. ఆమె వెంటనే బూజియాన్‌కి వాయిస్ మెసేజ్ పంపింది.

"ఒరేయ్, పళ్ళెం కడిగేశాక గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటావుటగా, పిన్ని చెప్పింది. ఈ ఆటలోకి రా. ఇక్కడ పాస్‌పోర్టు అడిగేవాడు లేడు."

వెళ్ళిన మొదటిరోజే బూజియాన్ గోతిలో పడి చచ్చాడు. రెండోసారి, పక్కకొచ్చి పేలిపోయే పచ్చటి దయ్యం ఒకటి అతన్ని చంపింది. లాప్‌టాప్‌లోంచి ఖైరా నవ్వు నా కొట్టుకి కూడా వినిపించింది.

"దాన్నెందుకు పలకరించావురా? అదేమైనా కరాన్ కొనడానికొచ్చిందా?"

"నాకేం తెలుసక్కా, నవ్వు మొహం పెట్టుకునొస్తే!"

ఆ సర్వర్ పేరు జైతూన్. మా దేశంలోనే ఫెజ్ ఊళ్ళో కాలేజీలో చదివే ఇల్యాస్ అనే కుర్రాడు నడిపేవాడు. అందులో ఒక నది. నదికి పడమటి ఒడ్డున బూజియాన్ దిగాడు, తూర్పు ఒడ్డున ఖైరా అప్పటికే ఒక గుడిసె కట్టుకుని ఉంది. ఇద్దరూ చెరో వైపు నుంచీ రాళ్ళు పేర్చుకుంటూ వచ్చి మధ్యలో కలిశారు. కలిసిన చోట, వంతెన మీదే, వంటిల్లు కట్టారు. పొయ్యిలు వరసగా పడమటి గోడకి, సామాను పెట్టెలు తూర్పు గోడకి, మధ్యలో పొడుగాటి బల్ల. ఇటు ఒడ్డున గోధుమ చేను, అటు ఒడ్డున గొర్రెల దొడ్డి.

రబ్హా కొట్టుకొచ్చినప్పుడల్లా కొడుకు భుజం మీంచి వంగి చూసేది. "పొయ్యి గుమ్మానికెదురుగా పెడతార్రా ఎవరైనా? గాలికి ఆరిపోదూ?" అని కేకలేసి దాని చోటు మార్పించింది. బొమ్మ పొయ్యి ఆరిపోదని చెప్పినా వినలేదు. "ఇదిగో కరాన్ పొయ్యి" అని బూజియాన్ పలక రాసి తగిలిస్తే, మర్నాటికి ఖైరా దాన్ని "కరంతికా పొయ్యి" అని మార్చేసింది. వాళ్ళ వైపు అలాగే అంటారు. పేరు మీద వారంపాటు కొట్లాట. చివరికి పలక పీకేసి పొయ్యి ఉంచారు.

ఆ సర్వర్‌లో ప్రతివాడూ తలుపుకీ పెట్టెకీ తాళం వేసుకునేవాడు. వీళ్ళు వేయలేదు. ఒకసారి ఎవడో పెట్టెల్లోని ఇనుమంతా ఊడ్చుకుపోయాడు. తాళం వేద్దామని నేనే సలహా ఇచ్చాను. ఖైరా తాళం వేయలేదు సరికదా, పెట్టె మీద ఒక పలక పెట్టింది: "తొందరపడ్డావు. అడిగితే రొట్టె కూడా ఇచ్చేవాళ్ళం." రెండ్రోజుల తర్వాత సగం ఇనుము తిరిగొచ్చింది. మిగతా సగంతో కత్తి చేసుకున్నాడట, చెప్పి మరీ రొట్టె పట్టుకెళ్ళాడు. అప్పట్నుంచి దారినపోయే ఆటగాళ్ళంతా ఆ బల్ల దగ్గర ఆగడం అలవాటైపోయింది.

ఇంతలో రెండు దేశాల మధ్యా ఫుట్‌బాల్ మ్యాచ్ వచ్చింది. ఎవరు గెలిచారన్నది ఇప్పుడు అనవసరం. ఆ సాయంత్రమే సర్వర్‌లో తిట్లు మొదలై, మర్నాటికి ఇళ్ళు తగలబెట్టుకోవడం దాకా వెళ్ళింది. బూజియాన్ గోధుమ చేను బూడిదైంది. అల్జీరియాలోని వహ్రాన్ నుంచి ఆడే హవ్వారీ అనేవాడి పని అది. బదులుగా మావైపు వాళ్ళెవరో ఖైరా గొర్రెల్ని చంపారు.

ఇల్యాస్ విసిగిపోయి ఒక ప్రకటన పెట్టాడు. నది వెంబడి ఎవరూ తవ్వలేని రాతితో ఆకాశం దాకా గోడ కడతాడు. పడమర మొరాకో వాళ్ళది, తూర్పు అల్జీరియా వాళ్ళది. దాటితే బహిష్కారం. నది మీద కట్టడాలున్నవాళ్ళు శుక్రవారంలోగా తీసేసుకోవాలి.

బూజియాన్ ఆ ప్రకటన చదివి, పళ్ళెం గీరుతున్న అట్లకాడ కింద పెట్టి, నావైపు చూశాడు. "లఖ్దర్, మనకున్నది ఒకటి చాలలేదంటావా? బొమ్మల్లో కూడా కట్టాలా?"

అప్పుడు కొట్లో సి బెన్యూనెస్, అంటే బెన్యూనెస్ గారు, ఉన్నారు, పాత ఖాతాదారు, స్కూలు మాస్టరుగా చేసి రిటైరైన పెద్దమనిషి. ఆయన నోట్లో ముక్క పెట్టుకునే అన్నారు, "మంచిదేగా అబ్బాయ్. అవతలివాళ్ళతో నీకెందుకు? నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారు."

"అవతలివాళ్ళంటే ఎవరు మాస్టారూ? మా పెద్దమ్మా?"

"నేనలా అనలేదు..."

"నలుగుర్నీ అనుకోమనండి. ఆ నలుగురూ ఇక్కడికే వచ్చి కరాన్ తినాలి. అప్పుడు నేనూ అనుకుంటాను."

ఇల్యాస్ చెడ్డవాడేం కాదు. స్వయంగా ఫోన్ చేశాడు. బూజియాన్ స్పీకర్ పెట్టాడు, నేనూ విన్నాను.

"అన్నా, నా బాధ అర్థం చేసుకో. రోజూ తిట్లు, మంటలు. నాకు పరీక్షలున్నాయి. విడదీస్తే అంతా ప్రశాంతంగా ఉంటుంది."

"మా అమ్మక్కూడా ఇలాగే చెప్పారు తమ్ముడూ. ప్రశాంతంగానే ఉంది. వాళ్ళక్క ఫోన్లో ఏడిస్తే ఇటునుంచి వెళ్ళి కళ్ళు తుడిచేవాళ్ళు లేరు, అంత ప్రశాంతం."

"పోనీ ఒక పని చేస్తాను. నీ వంటిల్లు దిమ్మె దిమ్మె లెక్కపెట్టి పడమటి ఒడ్డున యథాతథంగా కట్టిస్తాను. అక్కకి తూర్పున అచ్చం అలాంటిదే ఇంకోటి. సరేనా?"

ఆలోచిస్తానని చెప్పి బూజియాన్ ఫోన్ పెట్టేశాడు. మంచి బేరమే, నిజం చెప్పాలంటే. ఆ మాట ఖైరాకి చెప్పాడు. ఆమె కుట్టుమిషన్ చప్పుడు ఆగింది.

"రెండు వంటిళ్ళిస్తాడటా? నాకు వంటిల్లు లేకనా ఇక్కడికొచ్చింది? ఒరేయ్, నువ్వు ఒప్పుకుంటే చెప్పు, ఈసారి రెండో చెయ్యి కొరుకుతాను."

"ఒప్పుకోనక్కా. నీ పళ్ళ సంగతి నాకు తెలుసు."

శుక్రవారం వచ్చింది. నమాజు అయింది, ఇళ్ళల్లో కుస్కుస్ తినడం అయింది. శుక్రవారాలు తెరవని కొట్టు ఆ రోజు సగం షట్టరు ఎత్తి ఉంది. లోపల బూజియాన్, పక్కన స్టూలు మీద రబ్హా, వెనక నేను. తెర మీద వంతెన. వంటింట్లో బూజియాన్ బొమ్మా ఖైరా బొమ్మా బల్లకి చెరోవైపు నిలబడ్డాయి. ఇద్దరూ అక్కడే మంచాలు వేసుకున్నారు. ఆ ఆటలో మంచం ఎక్కడుంటే చచ్చినా అక్కడే తిరిగి లేస్తారు.

ఉత్తరాన కొండల దగ్గర గోడ మొదలైంది. నల్లగా, ఎత్తుగా, నది వెంట దిగుతూ వస్తోంది. అప్పుడు పడమటి గుమ్మంలోంచి ఒకడు లోపలికొచ్చి మంచం వేశాడు. తర్వాత తూర్పు నుంచి ఇద్దరు. ఇనుము దొంగ వచ్చాడు, ఆ కత్తితో సహా. బల్ల దగ్గర ఎప్పుడెప్పుడో రొట్టె తిన్నవాళ్ళంతా వస్తున్నారు. మంచాలు పట్టక బల్ల మీదెక్కి నిలబడుతున్నారు. చివరికి హవ్వారీ వచ్చాడు.

"నా చేను తగలబెట్టిన మొనగాడు నువ్వేగా?" అన్నాడు బూజియాన్.

"నేనే. క్షమాపణకి రాలేదు. మీవాళ్ళు ఆ రోజు తొండాట ఆడారు. ఇప్పుడైనా అదే అంటాను."

"మరెందుకొచ్చావు?"

"తిట్టుకోవడానికి ఎదురుగా మనిషుండాలిగా! గోడని తిట్టుకోనా? జరుగు, మంచం వేసుకోవాలి."

గోడ వంతెన అంచుకొచ్చి ఆగింది. ఇల్యాస్ గొంతు వినపడింది. "అందరూ బయటికి రండి. చివరిసారి చెబుతున్నాను."

ఎవరూ కదల్లేదు. రబ్హా కొడుకుని మోచేత్తో తోసి మైకు దగ్గరికి వంగింది. "అబ్బాయ్, నేను రబ్హాని. నీ గోడ ఇలా వస్తే పొయ్యి ఇటూ పిండి అటూ అవుతుంది. మరి పచ్చి పిండి నువ్వు తింటావా?"

ఆ నిమిషంలో ఇల్యాస్ ఆగుతాడనే అనుకున్నాను. ఆగలేదు. తెర నల్లబడింది. "మీరు ఈ సర్వర్ నుంచి తొలగించబడ్డారు" అని ఒక్క వాక్యం. ఖైరాకీ అదే. ఆ వంటింట్లో ఉన్న ప్రతివాణ్ణీ ఒకరి తర్వాత ఒకర్ని బయటికి నెట్టి, గోడ దించాడు. అది పొయ్యిలకీ పెట్టెలకీ మధ్యనుంచి పోయిందని తర్వాత తెలిసింది.

రబ్హా నోటికి తలగుడ్డ కొస అడ్డం పెట్టుకుంది. బూజియాన్ చాలాసేపు నల్లటి తెర వంకే చూశాడు. పెద్దగా ఏదో పగులుతుందనుకుని లాప్‌టాప్‌ని నేను కాస్త పక్కకి లాగాను కూడా.

అతను నావైపు తిరిగాడు. "లఖ్దర్, మీ అటక మీద దుమ్ము పట్టిన కంప్యూటరొకటి ఉండాలి."

"ఉంది. ఫ్యాన్ మోగుతుంది."

"మోగనీ. దించు."

అదే మా సర్వర్ అయింది. నా కొట్టు మూలన, విరిగిన ఫోన్ల బుట్టల మధ్య. ఎలా నడపాలో ఖైరా ఎవరినో అడిగి తెలుసుకుని ఫోన్లో చెబుతుంటే నేను బిగించాను. కరెంటు పోతే లోకం మొత్తం ఆరిపోతుంది. నలుగురి కంటే ఎక్కువమంది వస్తే అందరూ ఈదుతున్నట్టు నడుస్తారు. అయినా వచ్చారు. గెంటించుకున్నవాళ్ళంతా వచ్చారు, వాళ్ళ స్నేహితులూ వచ్చారు. కొత్త నది వెతికి, మళ్ళీ రెండు ఒడ్డుల నుంచీ రాళ్ళు పేర్చారు. ఖైరా షరతులు చెప్పింది. "ఫుట్‌బాల్ గురించి ఎంతైనా తిట్టుకోండి. తగలబెట్టినవాడు తనే నాటాలి. గోడ మాట ఎత్తినవాణ్ణి మాత్రం నేను చూసుకుంటాను."

హవ్వారీకి గోధుమ నాటే పని పడింది. పాత బాకీ కింద.

వంటిల్లు లేచిన రోజు ఖైరా వాళ్ళమ్మని కూడా మైకు దగ్గర కూర్చోబెట్టింది. బూజియాన్ తన బొమ్మని, ఖైరా తన బొమ్మని ఎదురెదురుగా నిలబెట్టారు.

"ఏదిరా, మా అక్క ఏదీ?" అంది రబ్హా కళ్ళు చికిలించి.

"ఆ నీలం చొక్కా ఆవిడ అనుకోమ్మా," అన్నాడు బూజియాన్.

"అంత పొడుగెప్పుడయిందిరా? మొహం కూడా పలకలా ఉంది. అన్నం తినట్లేదా అక్కా నువ్వు?"

అవతల పెద్దావిడ నవ్వుతో ఉక్కిరిబిక్కిరైంది. "నువ్వు మాత్రం? నీకు గడ్డం కూడా వచ్చిందిగా!"

సి బెన్యూనెస్ మాస్టారు ఆ నవ్వులు విని షట్టరు కింద నుంచి తల లోపలికి పెట్టారు. సంగతి తెలుసుకుని తల ఊపారు. "అంతా బాగానే ఉంది బూజియాన్. కానీ దీనివల్ల ఆ రోడ్డు తెరుచుకుంటుందా?"

"తెరుచుకోదు మాస్టారూ. తెరవడానికి నేను కట్టలేదు. వాళ్ళెవరో మూసుకుంటే నేనెందుకు మూసుకోవాలని కట్టాను."

మాస్టారు వంగి లోపలికొచ్చారు. ఎవరెవరు ఆడుతున్నారో చూస్తానని స్టూలు లాక్కున్నారు.

పరీక్షలయ్యాక ఇల్యాస్ ఒకరోజు మా సర్వర్‌లోకి రావచ్చా అని అడిగాడు. అతని సర్వర్‌లో రెండు పక్కలా మనుషులు పల్చబడ్డారట, గోడ మాత్రం అలాగే ఉందట. ఖైరా వద్దంది. హవ్వారీ అస్సలు వద్దన్నాడు. బూజియాన్ మాత్రం, "రానీయండి. తలుపు తీసే ఉందిగా" అన్నాడు. తర్వాత ఇల్యాస్‌తో చెప్పాడు, "కాకపోతే మా వంటింటిని సగానికి కోసింది నువ్వు. ఇప్పుడు పై అంతస్తు వేస్తున్నాం. రాళ్ళు మొయ్యి."

మోస్తున్నాడు. ఆ అంతస్తుకి కిటికీలు ఎటు పెట్టాలన్నది మాత్రం ఇంకా తేలలేదు. ఖైరా రెండువైపులా అంటుంది, బూజియాన్ అసలు గోడలే వద్దంటాడు, స్తంభాలు చాలట. నిన్న మధ్యాహ్నం కూడా అదే గొడవ. నా కొట్టుకొచ్చిన కస్టమరు ఒకతను భయపడి, పక్కన ఏదైనా తగాదా జరుగుతోందా అని అడిగాడు. ఇల్లు కడుతున్నారని చెప్పాను.