అక్షరం లేని పేరు

శుక్రవారం పొద్దున ఒమాన్‌లోని సూర్‌లో కాఫీ కలుపుకుంటుంటే ఫోన్‌లో మెసేజ్ వచ్చింది. ఇదే దేశంలో నేను పెరిగిన సలాలా ఊరి బడిలో మాకు సోషల్ చెప్పిన టీచర్ గారు ఇక లేరు. నా నోటి నుంచి మొదట వచ్చింది మాట కాదు, "చ్చ్" అన్న చప్పుడు. మనకి అది జాలి. ఆవిడ ఉండి ఉంటే ఆ చప్పుడు విని తలెత్తి చూసేవారు.

ఆవిడ హాజరు పిలిచే తీరే వేరు. ఎవరి పేరు వాళ్ళే పలకాలి, ఆవిడ అచ్చం అలాగే తిరిగి అనేవారు. "నీ పేరుకి నువ్వే టీచర్‌వి. సరిగ్గా అన్నానా, లేదా?" అని అడిగి జవాబు కోసం ఆగేవారు. సలాలా అంతా నన్ను జాన్సీని చేసేస్తే, ఆవిడ ఒక్కరే ఝాన్సీగా ఉంచారు. సగం పీరియడ్ దీనికే పోతోందని మేం నవ్వుకునేవాళ్ళం.

పదో తరగతిలో ఒకసారి అడిగేశాను, ఎందుకండీ ఇంత చాదస్తం అని. కోప్పడలేదు. మా ఊరు రాకముందు ఆవిడ బోట్స్వానాలో, కలహరి ఎడారి అంచున ఒక బడిలో పనిచేశారట. అక్కడ హాస్టల్లో సాన్ తెగ పిల్లలు ఉండేవారు. మొదటిరోజు ఒక అమ్మాయిని పేరు అడిగితే, నాలుకతో టక్కున చప్పుడు చేసి ఏదో అంది.

"పేరడిగితే నోరు చప్పరిస్తావేమిటని నిలబెట్టేశానే. మనకి అదంటే విసుగేగా. పాపం, దాని పేరే అలా మొదలవుతుంది. హాజరు పట్టీలో ఉన్నది, తేలిగ్గా ఉంటుందని ఎవరో రాసిపెట్టిన పేరు."

ఆ తర్వాత ఆ పిల్ల పట్టీలోని పేరుకే పలికింది. సెలవులకి వెళ్ళి తిరిగి రాలేదు. టీచర్ గారు వెతుక్కుంటూ వాళ్ళ కాలనీకి వెళ్ళారు. వేటాడి బతికిన నేల మీంచి తరలించి, ఒక కుళాయి చుట్టూ ఇళ్ళిచ్చి కూర్చోబెట్టిన జనం వాళ్ళు. ఇప్పుడు వేటకి వెళ్తే లైసెన్సు అడుగుతారు. ఆ పిల్ల నాయనమ్మ ఇసుకలో అడుగు చూసి, జింక ఎప్పుడు వెళ్ళిందో, ఏ కాలు కుంటిదో చెప్పిందట. "ఎమ్మే చదివాను కదా, నాకు గీతలు తప్ప ఏమీ కనిపించలేదు" అని నవ్వారు టీచర్ గారు. ఆ ముసలామె సాయంత్రం దాకా పేరు నేర్పింది. వెనక నుంచి మనవరాలు ప్రతిసారీ తల అడ్డంగా ఊపింది. బడికి మాత్రం రాలేదు.

తప్పు చేసే టీచర్లు చాలామంది ఉంటారు. దాన్ని పిల్లల ముందు ఒప్పుకుని, ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ రోజూ దిద్దుకున్నవారిని నేను ఈవిడ ఒక్కరినే చూశాను.

పోయిన ఏడాది, సలాలాలో ఖరీఫ్ అని పిలిచే వానాకాలపు తుంపర మొదలయ్యాక ఆవిడని చూడటానికి వెళ్ళాను. మంచం పక్కన బోట్స్వానా నాటి హాజరు పట్టీ ఉంది. చివరి పేజీలో తెలుగులో ఒక పేరు. మొదటి అక్షరం ఉండాల్సిన చోట ఖాళీ.

"మన యాభై ఆరు అక్షరాల్లో దీనికి చోటు లేదే ఝాన్సీ. నోటితోనే దాచుకోవాలి" అన్నారు.

తర్వాత నాలుక అంగిలికి ఆనించి, ఆ పేరు పిలిచారు. బయట తుంపర పడుతోంది. అలవాటు ప్రకారం, సరిగ్గా అన్నానా అన్నట్టు, ఆవిడ కాసేపు ఆగారు.