వదిన ఆగమన్న నెల

మా వదిన పోయారు. మంగళవారం ఉదయం, గుడివాడ అవతల ఉన్న మా ఐసు ఫ్యాక్టరీలో చేపల వ్యాన్లకు దిమ్మలు ఎక్కిస్తున్న వేళ, విజయవాడ ఆసుపత్రి నుంచి మా అన్నయ్య కూతురు ఫోన్ చేసింది. "బాబాయ్, అమ్మ ఇంక లేదు" అంది. ఎదురుగా డ్రైవరు "ఇంకో రెండు దిమ్మలు పడాలండీ" అంటున్నాడు. ఆ రెండూ వేయించి, వ్యాను గేటు దాటాక తడి గచ్చు మీదే కూలబడ్డాను.

గుణదలలో ఇంటికి ఆవిణ్ణి తీసుకొచ్చేసరికే వీధి మొదట్లో ఫ్లెక్సీ లేచింది. వదిన ఫొటో వేసి, కింద 'ఉక్కు మహిళ' అని రాయించారు. ఆవిడ చూసి ఉంటే "నా ఫొటో కింద ఇనప సామాను కొట్టు బోర్డు ఎవరు పెట్టారర్రా" అని నవ్వేవారు. దహనం దగ్గర పెద్దవాళ్ళు నన్ను ముందుకు తోశారు. కొడుకులు లేరు కాబట్టి మరిదే కొడుకుతో సమానమట, నేనే తలకొరివి పెట్టాలట. కూతురు ఉండగా నేనెందుకన్నాను. "ఎంత పెద్ద మనసయ్యా నీది" అంటూ భుజం తట్టారు.

పెద్ద మనసూ కాదు, పాడూ కాదు. వదిన తన ఆఖరి పద్దెనిమిది రోజులూ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడకుండానే పోయారు. అందుకు కారణం నేనే. అది దాచిపెట్టి ఆవిడ గురించి నాలుగు మంచి మాటలు రాస్తే అది ఇంకో అబద్ధం అవుతుంది. అమ్మాయికి నిన్ననే అంతా చెప్పాను. విని, లేచి లోపలికి వెళ్ళిపోయింది. రాయొద్దని మాత్రం అనలేదు.

ఐసు ఫ్యాక్టరీ మా నాన్న పెట్టింది. ఆయన తర్వాత అన్నయ్య చూసుకునేవాడు, నేను వెనక తిరిగేవాణ్ణి. నీళ్ళు గడ్డకట్టాలంటే అమోనియా గ్యాసు కావాలి. గొట్టాల్లో ఉన్నంతసేపూ అది మన పని చేసిపెడుతుంది, బయటికి వచ్చిందంటే మనిషిని నిలబడనివ్వదు. పందొమ్మిదేళ్ళ కిందట ఒకరోజు కంప్రెసర్ గదిలో ఒక వాల్వు దగ్గర కాస్త వాసన వస్తోందని, దానికి చుట్టే ప్యాకింగ్ తెమ్మని అన్నయ్య నన్ను విజయవాడ పంపాడు. చేతిసంచిలో పట్టే తాడుచుట్ట అది. ఆటోనగర్‌లో దొరుకుతుంది.

నేను బెంజ్ సర్కిల్లో బస్సు దిగాను. పాత స్నేహితులిద్దరు కనిపించారు. టిఫిను, కబుర్లు, తర్వాత మ్యాట్నీ. సినిమా అయ్యాక కూడా షాపుకు వెళ్ళలేదు. వెళ్ళబుద్ధి కాలేదు, అంతకంటే మంచి కారణం నా దగ్గర లేదు. ఇంటికొచ్చి "షాపు మూసేశారు అన్నయ్యా" అన్నాను. "సరేలే, రేపు పొద్దున్నే వెళ్ళు" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి ప్యాకింగ్ కొన్నాను. తిరిగొస్తూ ఉయ్యూరు చేరేసరికి ఫోన్ వచ్చింది. వాల్వు దగ్గర గ్యాసు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. లోపల ఇద్దరు పనివాళ్ళు చిక్కుకుపోయారని అన్నయ్య మొహానికి తడి తువ్వాలు చుట్టుకుని వెళ్ళి, వాల్వు కట్టేశాడు. పనివాళ్ళు బయటికి వచ్చారు. అన్నయ్య రాలేదు.

ఆ సంచి చేత్తో పట్టుకునే ఇంట్లో అడుగుపెట్టాను. ఎవరో పెద్దాయన "నిన్ననే తెచ్చుంటే మనిషి దక్కేవాడు కదరా" అన్నాడు. నేల మీద పడి ఏడుస్తున్న వదిన తలెత్తారు. "షాపు మూసేస్తే అబ్బాయేం చేస్తాడండీ" అన్నారు. నా చేతిలోంచి సంచి తీసుకుని పక్కన పెట్టారు. ఆ క్షణంలో నిజం చెప్పి ఉండాల్సింది. అంతటి దుఃఖంలోనూ ఆవిడ నన్ను వెనకేసుకొచ్చాక చెప్పలేకపోయాను. తర్వాత రోజులు గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైపోయింది.

ఫ్యాక్టరీ మూతపడింది. అమ్మేద్దామని బంధువులంతా అన్నారు. నేనూ అన్నాను, నాకా గేటు చూడాలంటేనే భయంగా ఉండేది. "ఒక్క రొయ్యల సీజను చూద్దాం. అప్పటికీ కాకపోతే మీ ఇష్టం" అన్నారు వదిన. ఇంటరు దాకా చదువుకున్న మనిషి. పదేళ్ళ కూతురు. అప్పటిదాకా ఫ్యాక్టరీకి అన్నయ్య క్యారేజీ పంపడం తప్ప ఆవిడకు దాంతో ఏ సంబంధమూ లేదు.

మొదటి రోజు కంప్రెసర్ గది గుమ్మం దాకా వెళ్ళి, ఆ వాసన తగలగానే వెనక్కి వచ్చి ప్రహరీ గోడ పక్కన వాంతి చేసుకున్నారు. పంపు దగ్గర మొహం కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, మిషను నడిపే మేస్త్రిని పిలిచారు.

"ఆయన కట్టిన వాల్వు ఏదో చూపించండి."

"మీకెందుకమ్మా ఇయ్యన్నీ? మేం లేమా?" అన్నాడు మేస్త్రి.

"నాకు తెలియకపోతే మీరు చెప్పిందల్లా నమ్మాలి కదా మేస్త్రిగారూ."

పక్కనే నిలబడి నేను ఆ మాట విన్నాను.

అప్పటికి మా ఐసుకు పేరు పోయి ఉంది. రొయ్యల పట్టుబడి రోజుల్లో వ్యాన్లు బారులు తీరితే, గడువుకు ముందే ఉప్పునీళ్ళ తొట్టిలోంచి ఐసు డబ్బాలు పైకి లాగి దిమ్మలు అమ్మేసేవాళ్ళం. పైకి రాయిలా ఉంటాయి, పగలగొడితే మధ్యలో నీళ్ళు. అలాంటి ఐసు సరుకుతోపాటు ఊరు చేరదు. వదిన అది ఆపేశారు. ప్రతి వరసలోంచీ ఒక దిమ్మను పక్కకు తీయించి, కళ్ళజోడు తల మీది నుంచి దించుకుని, వంగి చూసేవారు. మధ్యలో తెల్లటి చార కనిపిస్తే సరే. నీళ్ళు కదిలితే ఆ వరసంతా మళ్ళీ తొట్టిలోకే. "గడ్డకట్టేది అది. మనం చేసేదేం లేదు, ఆగడమే" అనేవారు.

ఒక వేసవిలో పెద్ద రొయ్యల వ్యాపారి ఒకాయన గేటు దగ్గర రంకెలు వేశాడు. "సగం గట్టిపడినా చాలమ్మా, తియ్యించండి! నా సరుకు చెరువు గట్టు మీద ఉంది!"

"సగం గట్టిపడింది ఇస్తే సాయంత్రానికి మీ రొయ్య మెత్తబడుద్ది. అప్పుడు నన్నే తిడతారు. ఆ తిట్లేవో ఇప్పుడే తిట్టేసి, కూర్చుని మజ్జిగ తాగండి" అన్నారు వదిన.

ఆయన మజ్జిగ తాగలేదు, వ్యాను తిప్పుకుని పోయాడు. ఆ సీజనంతా మా వాకిట్లో సగం వ్యాన్లే. మరుసటి సీజనుకు ఆయనే తిరిగొచ్చాడు, వెంట ఇంకొందరు వచ్చారు. ఒక్క సీజనన్న గడువు దాటి ఇంకో సీజను, ఇంకో సీజను. కొన్నేళ్ళకు పక్కనే కోల్డ్ స్టోరేజి కట్టాం. ఇలా రాస్తుంటే సులువుగా అయిపోయినట్టుంది. రోజూ గుణదల నుంచి వచ్చి, రబ్బరు బూట్ల మీదికి చీర ఎగ్గట్టుకుని, ఆ తడిలో సాయంత్రం దాకా నిలబడి ఆవిడ మోకాళ్ళు పాడుచేసుకున్నారు. వాసనకు తట్టుకోవడానికి ఎప్పుడూ బుగ్గన లవంగం ఉండేది.

ఐసు మొదలుపెట్టక ముందే మాస్కులు కొన్నారు. ప్రతి శుక్రవారం అందరి చేతా పెట్టించి, తనూ పెట్టుకుని, గది లోపలికి వెళ్ళి వాల్వు కట్టి వచ్చేవారు. ప్యాకింగ్ అరగక ముందే మార్పించేవారు. ఎప్పుడూ రెండు చుట్టలు అదనంగా ఉండాలి. వాటి కోసం నన్నే పంపేవారు. "పొద్దున్నే వెళ్ళి షాపు ముందు కూర్చో చిన్నబ్బాయ్. మళ్ళీ మూసేస్తే కష్టం" అనేవారు. ఎంత మామూలుగా అనేవారో! నా అబద్ధాన్ని నమ్మి దాని చుట్టూ ఒక పద్ధతి ఏర్పరచుకున్నారు. నేను ఆటోనగర్‌లో షట్టరు లేవకముందే వెళ్ళి కూర్చునేవాణ్ణి. ఆ షాపు ఒక్కనాడూ మూసి ఉండగా చూడలేదు.

నన్ను ఆటపట్టించడం కూడా ఆవిడకు సరదా. ఎక్కడికైనా వెళ్ళి ఆలస్యంగా వస్తే "మా చిన్నబ్బాయి టిఫిను మొదలెడితే పొద్దు వాలాల్సిందే" అని మేస్త్రితో చెప్పి నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. నవ్వీ నవ్వీ నాకు సిగ్గు కూడా అరిగిపోయిందనుకుంటాను.

చావింటికి ఐసు కావాలని వచ్చినవాళ్ళను, ఎన్ని వ్యాన్లు వరసలో ఉన్నా, ముందు పంపడం మా ఫ్యాక్టరీలో నాన్న నాటి నుంచీ ఆనవాయితీ. ఎవరికని అడగం. వదిన మాత్రం బయటికొచ్చి "ఊరెంత దూరమండీ?" అని అడిగేవారు. దూరమైతే కరిగిపోతుందని ఇంకో దిమ్మ వేయించి, పైన ఊక పోయించి, గోనెపట్టాలు తనే కప్పేవారు. ఒకసారి కొల్లేటి వైపు నుంచి ఒకామె భర్త కోసం ట్రాక్టరు మీద వచ్చింది. ఆమె కంట్లో నీళ్ళు లేవు. వదిన ఆమె చెయ్యి పట్టుకుని, "ఇంటికెళ్ళంగానే ముందు ఏదన్నా తినమ్మా. తర్వాత తిన్నావా అని ఎవరూ అడగరు" అన్నారు. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. అన్నయ్య పోయినప్పుడు వదిన తిన్నారా అని నేనూ అడగలేదు.

ఇప్పుడు అందరూ అంటున్నారు, ఆవిడ దుఃఖాన్ని జయించిందని. కోలుకున్నది ఫ్యాక్టరీ. వదిన కోలుకోలేదు. అన్నయ్య తద్దినం రోజు కూడా ప్లాంటు ఆపేవారు కాదు. ఆ రోజు మాత్రం లోడింగ్ దగ్గరికి రాకుండా, ఉప్పునీళ్ళ తొట్టి చెక్కమూతల మీద ఒక్కరే కూర్చునేవారు. కింద ఐసు గడ్డకడుతుంటుంది, చెక్కలు చల్లగా తగులుతుంటాయి. మేస్త్రి కాఫీ తీసుకెళ్ళి పక్కన పెట్టి వచ్చేవాడు. నేను అటు వెళ్ళేవాణ్ణి కాదు.

రెండేళ్ళ కిందట విజయవాడలో ఒక హోటల్లో వ్యాపారంలో పేరు తెచ్చుకున్న ఆడవాళ్ళకు సన్మానం చేశారు. వదిన వేదిక మీద రెండే ముక్కలు మాట్లాడారు. ఒకటి మేస్త్రి గురించి. రెండోది, "మా మరిది లేకపోతే నేను ఆ గేటు దాటి లోపలికి అడుగుపెట్టేదాన్ని కాదు" అని. ముందు వరసలో కూర్చున్న నన్ను లేచి నిలబడమన్నారు. హాలంతా చప్పట్లు కొట్టింది. నేను నిలబడి దణ్ణం పెట్టాను. నా జీవితంలో అంత నీచమైన పని ఇంకోటి లేదు.

ఈ ఏడాది లివరు జబ్బు బయటపడింది. ఆలస్యమైపోయిందన్నారు. మహా అయితే నెల రోజులని డాక్టరు చెప్పాడు, ఆ సంగతి వదినకూ తెలుసు. ఒక మధ్యాహ్నం ఆసుపత్రి గదిలో కూతురి చెయ్యి పట్టుకుని, "ప్లాంటు గురించి భయపడకు. మీ బాబాయ్ ఉన్నాడు. ఇన్నేళ్ళలో నా దగ్గర ఏదీ దాచలేదు" అన్నారు. అమ్మాయి మందులు తేవడానికి కిందికి వెళ్ళింది. నేను తట్టుకోలేకపోయాను.

"వదినా, ఆ రోజు షాపు మూయలేదు."

ఏ రోజని ఆవిడ అడగలేదు. "మరి?" అన్నారు.

"నేనసలు వెళ్ళలేదు. సినిమాకి వెళ్ళాను."

వదిన దిండు మీద తల నా వైపు తిప్పారు.

"ఏ ఆట?"

"మ్యాట్నీ."

"అంటే ఆరింటికల్లా బయటికొచ్చుంటావు. అప్పటికీ షాపు తీసే ఉంటుంది."

"తీసే ఉంటుంది వదినా."

ఏడుస్తారనుకున్నాను. తిడతారనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఆవిడ నా మొహంలోకి చూసి, మామూలు గొంతుతోనే అడిగారు.

"పందొమ్మిదేళ్ళు ఆగినవాడివి, ఇంకొక్క నెల ఆగలేకపోయావా చిన్నబ్బాయ్?"

నాతో అదే ఆఖరి మాట. గోడవైపు తిరిగి పడుకున్నారు.

ఆ ప్రశ్న గురించి ఆలోచించని పూట లేదు. చెప్పేస్తే మనసు తేలికపడుతుందని ఎవరెవరో అంటుంటారు. నా మనసు తేలికపడ్డ మాట నిజమే, ఒక గంటసేపు. ఆ బరువు తీసుకెళ్ళి పడుకున్నచోటు నుంచి లేవలేని మనిషి మీద పెట్టాను. ఆవిడకు అప్పటికి భర్త లేడు, ఒంట్లో శక్తి లేదు, రోజులు లేవు. తన మరిది మంచివాడన్న నమ్మకం ఒక్కటి ఉండేది. దాన్నీ లాక్కున్నాను. క్షమిస్తారని ఆశపడి చెప్పానే గానీ, క్షమించడానికి కూడా కాస్త కాలం కావాలని నాకు తట్టలేదు.

మర్నాటి నుంచి నన్ను గదిలోకి రానివ్వలేదు. "బాబాయ్‌ని ప్లాంటు చూసుకోమను" అని మాత్రం కూతురితో అన్నారు. నీరసం వల్ల ఎవరితోనూ మాట్లాడబుద్ధి కావడం లేదని అమ్మాయి అనుకుంది. నేను పొద్దున లోడింగ్ ముగించుకుని రోజూ మధ్యాహ్నానికి విజయవాడ వచ్చి, గది బయట వరండాలో కుర్చీ వేసుకుని కూర్చునేవాణ్ణి. తలుపు తీసే ఉండేది. వదిన వీపు కనిపించేది.

చివరి రోజుల్లో ఆవిడ తనంతట తను కదలలేకపోయారు. ఒళ్ళు పుండ్లు పడకుండా నర్సు వచ్చి పక్క మార్చి పడుకోబెట్టేది. పోవడానికి ముందురోజు అలాగే గుమ్మం వైపు తిప్పి, వీపు వెనక దిండు పెట్టి, పక్క గదికి వెళ్ళింది. వదిన కళ్ళు తెరిచే ఉన్నాయి. ఎదురుగా నేను. రమ్మంటారేమోనని లేచి నిలబడ్డాను.

వదిన కళ్ళు మూసుకున్నారు. నిద్ర కాదు, రెప్పలు అదురుతున్నాయి. గట్టిగా, పట్టుబట్టి మూసుకుని ఉన్నారు. అటు తిరగడానికి ఒంట్లో ఓపిక లేదు. నేను అక్కడ ఉన్నంతసేపూ ఆవిడ అలా ఉండాల్సిందేనని అప్పుడు అర్థమైంది.

కుర్చీని చప్పుడు కాకుండా ఎత్తి, గదిలోంచి కనపడని గోడ వారకు తీసుకెళ్ళి వేసుకున్నాను. కాసేపటికి నర్సు మళ్ళీ లోపలికి వెళ్ళింది.

"కళ్ళు తెరిచారే అమ్మా, కాసిని నీళ్ళు పట్టనా?" అనడం వినిపించింది.