సైరన్ మోగితే పెన్ను లేచేది

మా పక్క క్వార్టర్ల ఒక అక్క ఉండేది. బావ డ్యూటీకి పోంగనే ట్యాబ్ ముందటేసుకొని, ఫోటో చూసుకుంట ట్యాబ్ పెన్నుతోని దాని మీద బొమ్మలేసేది. ఆన్‌లైన్ల బొమ్మలు నేర్చుకునేటోళ్ల గ్రూపుల వారానికో ఫోటో వచ్చేది. మంచుకొండలు, సరస్సులు. గోదావరిఖని ఎండల చెమటలు తుడుసుకుంట, కండ్లు సగం మూసి ఫోటోను చూసుకుంట ఆమె మంచు ఏస్తుంటే నాకు ఎంత సంబురమో!

ఓపెన్‌కాస్టు బొగ్గుబాయిల బ్లాస్టింగ్‌కు ముందు సైరన్ మోగుతది గదా. వాడకట్టు ఆడోళ్లంత ఉరికి గిన్నెలు పడకుండ పట్టుకునేటోళ్లు. అక్క మాత్రం పెన్ను పైకెత్తి, ఊపిరి బిగవట్టి కూసునేది. ఇల్లు ఊగి ఆగినంక మళ్ల గీసేది.

ఒకనాడు కొండ మీద మంచు ఏసుట్ల పడి సైరన్ ఇనలే. ధన్‌మన్నది! కిటికీలు గడగడలాడినయి. పెన్ను జారి, తేటగున్న ఆకాశం నడుమ వంకరటింకర గీత పడ్డది.

"అయ్యో అక్కా! జల్ది చెరిపెయ్. ఇయ్యాల్నే పంపాలె గదా!" అన్న.

ఆమె కండ్లు సగం మూసి చూసింది. "ఆగవే. ఫోటోల లేదు గని, మన దగ్గర ఉన్నదే గదా ఇది," అని ఆ గీతెంబడి బూడిదరంగు దుమ్ము లేపింది. మంచుకొండ ఎనుక మా బొగ్గుబాయి దుమ్ము! ఇద్దరం ఎగిరి గంతేసినం. గట్లనే గ్రూపుల పెట్టింది.

తెల్లారి నుంచి సైరన్ మోగితే అక్క పెన్ను ఎత్తుడు బంద్ చేసింది. ఆకాశం మీద ఆనిచ్చి, కండ్లు సగం మూసి, ఎదురుచూసేది.