చదివాకే వై కొట్టమన్న టీచరమ్మ

పోయిన నెల ఒక బుధవారం పొద్దున, మూడో పీరియడ్ నడుస్తుండగా, టీచరమ్మ చెల్లెలు ఫోన్ చేసింది. "అక్క పోయిందమ్మా, ఇందాకే" అని, ఇక మాట రాక ఫోను పక్కనున్నవాళ్ళ చేతికి ఇచ్చేసింది. నేను అప్పుడు ఎనిమిదో తరగతి పిల్లలతో కంప్యూటర్ ల్యాబులో ఉన్నాను. పన్నెండు మంది ఆడపిల్లలు. ఎవరికీ చూపు లేదు. నా ముఖం వాళ్ళకి కనబడదు కదా, గంట కొట్టేదాకా దాచవచ్చు అనుకున్నాను. నేను "ఊఁ" అన్న తీరులోనే వాళ్ళకి తెలిసిపోయింది. కీబోర్డుల చప్పుడు ఒక్కొక్కటే ఆగింది. ముందు వరసలోంచి ఒక గొంతు "టీచరమ్మేనా?" అని అడిగింది. అవునన్నాను.

మార్టూరు దగ్గర, హైవేకి కాస్త లోపలగా ఉంటుంది మా అంధ బాలికల బడి. చుట్టూ రాయి పాలిష్ చేసే యూనిట్లు. పగలంతా కోత మిషన్ల రొద. ఆ రొదలో కూడా ఏ కంప్యూటర్ ఫ్యాను సరిగా తిరగడం లేదో చెప్పగలిగేవారు టీచరమ్మ. ఆమెకీ చూపు లేదు. ఐదో ఏట తట్టు పోసి కళ్ళు పోయాయి. అమ్మానాన్నలు కనిగిరి వైపు పత్తి చేలల్లో, మిరప తోటల్లో కూలికి వెళ్ళేవారు. చర్చివాళ్ళ హాస్టల్లో ఉండి బ్రెయిలీ చదువుకుని, తర్వాత తెర మీది అక్షరాలను పైకి చదివే ప్రోగ్రాము సాయంతో కంప్యూటర్ నేర్చుకుని, మా బడికి టీచరుగా వచ్చారు. ఎవరో ఆఫీసువాళ్ళు వద్దనుకుని ఇచ్చిన పాత కంప్యూటర్లలో లినక్స్ అనే ఉచిత సిస్టమ్ వేసి, వాటిచేత తెలుగు మాట్లాడించింది ఆమే.

నేను చేరింది సైన్సు చెప్పడానికి. చూపుంది కాబట్టి ల్యాబులో ఆమెకి సాయం ఉండమన్నారు. మొదటిరోజు నమస్కారం పెట్టి, తెర మీద ఏదైనా చూడాల్సొస్తే నన్ను పిలవండి అన్నాను. ఆమె నవ్వారు.

"చూపున్నవాళ్ళు చూస్తారమ్మాయ్. చదవరు" అన్నారు.

ఆ మాట నాకు కొంచెం కష్టంగానే తోచింది. అది నిజమని రెండో ఏడు నేనే రుజువు చేశాను.

మర్నాడు పదో తరగతి పిల్లలకి కంప్యూటర్ ప్రాక్టికల్ పరీక్ష. ల్యాబులోని ఆరు మిషన్లలోనూ మాట మధ్యలో గరగర శబ్దం వస్తోంది. టీచరమ్మ ఏదో మీటింగుకి ఒంగోలు వెళ్ళారు. నేను ఇంటర్నెట్లో వెతికితే, శబ్దానికి సంబంధించిన ప్యాకేజీ, అంటే ప్రోగ్రాము మూట, తీసేసి మళ్ళీ వేస్తే బాగవుతుందని ఎవరో రాశారు. తీసెయ్యమని కమాండు కొట్టాను. దానితోపాటు పోయేవి ఇవీ అంటూ తెర మీద పెద్ద జాబితా వచ్చి, సరేనంటే వై, వద్దంటే ఎన్ కొట్టమని అడిగింది. వై కొట్టాను. ఆరు మిషన్లలోనూ అలాగే కొట్టుకుంటూ పోయాను. తెరలన్నీ చక్కగా వెలుగుతున్నాయి. పని అయిందనుకుని స్టాఫ్ రూములో కూర్చుని టీ తాగాను.

ఇంతలో ఒక అమ్మాయి గోడ పట్టుకుంటూ వచ్చింది. "టీచర్, కంప్యూటర్లన్నీ చచ్చిపోయినయ్" అంది.

పరుగెత్తాను. చావలేదు. మూగబోయాయి. నేను చదవకుండా ఒప్పుకున్న ఆ జాబితాలో తెర చదివే ప్రోగ్రాము కూడా ఉంది. నాకు వెలుగుతున్న తెర, ఆ పిల్లలకి గోడతో సమానం. పన్నెండు నెలలు నేర్చుకున్నది మర్నాడు చూపించాల్సిన పిల్లలు, మాట్లాడని పెట్టెల ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.  

మూడింటికి టీచరమ్మ బస్సు దిగి వచ్చారు. ఏడుపు గొంతుతో జరిగింది చెప్పాను. చెప్పులు గుమ్మం పక్కన జతగా పెట్టి, రోజూ చేసినట్టే ఒక్కో మానిటరు మీద వేళ్ళు ఆనించుకుంటూ వచ్చి మొదటి మిషను ముందు కూర్చున్నారు.

"ఏం తీశావు?"

"గుర్తులేదండీ. చాలా పేర్లు వచ్చాయి."

"నీకు గుర్తుండక్కర్లేదు. ఏది తీసినా, ఏది వేసినా మిషనే రాసిపెట్టుకుంటుంది. ఆ లాగ్ తెరుస్తాను. నువ్వు చదువు."

గొంతు లేని కంప్యూటరులో, చీకట్లో నడిచినట్టు, ఆమె ఒక్క అక్షరం తప్పు లేకుండా కమాండు కొట్టారు. తెర మీద నేను తీసేసిన ప్యాకేజీల పేర్లన్నీ వరసగా వచ్చాయి. నేను చదువుతుంటే ఆమె వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టుకున్నారు. మధ్యలో ఒకటి దాటేశాను.

"ఒకటి మింగావు. మళ్ళీ మొదట్నుంచీ" అన్నారు.

మళ్ళీ చదివాను. ఆమె వాటన్నింటినీ తిరిగి వేశారు. కాసేపటికి పెట్టె గొంతు సవరించుకున్నట్టు ఏదో అని, మాట్లాడింది. వెనకాల పిల్లలు చప్పట్లు కొట్టారు. నా ప్రాణం లేచొచ్చింది. కానీ గరగర అలాగే ఉంది.

"కొత్తగా వేశాం కదండీ, మళ్ళీ అదే శబ్దమేంటి?" అన్నాను.

అప్పుడు చెప్పారు. ఈ ముక్క మీకు కూడా పనికొస్తుంది, అందుకే ఆమె మాటల్లోనే రాస్తున్నాను.

"మా అమ్మ పత్తి కట్టె పీకడానికి పోయేది. పైన కోసేసి మోడు వదిలేస్తే చేను శుభ్రంగానే కనపడుద్ది. పురుగు మాత్రం అందులోనే పడుకుని ఉండి, మళ్ళీ పత్తి వెయ్యగానే లేసుద్ది. నువ్వు కొట్టిన రిమూవ్ అట్టాంటిది. ప్రోగ్రాము పోద్ది, దాని సెట్టింగుల ఫైళ్ళు ఉండిపోతయ్. మళ్ళీ వేస్తే వచ్చి ఆ పాత రాతనే చదువుకుంటది. వేరుతో పీకాలంటే పర్జ్ అనాలి."

ప్యాకేజీల పట్టిక తెప్పించి చదవమన్నారు. పేరు ముందు ఆర్, సీ అనే రెండక్షరాలు ఉన్నవి ఎన్ని అని అడిగారు. ప్రోగ్రాము తీసేసినా సెట్టింగులు మిగిలాయని ఆ అక్షరాలకి అర్థం. పద్నాలుగు ఉన్నాయి. ఎప్పుడెప్పుడో తీసేసిన వాటి మోళ్ళు. ఆమె వాటిని ఒక్కోటీ పర్జ్ చేశారు. గరగరకి కారణమైన ప్యాకేజీ దగ్గరికి వచ్చేసరికి ముందు ఉత్తుత్తిగా నడిపించి, ఏమేం పోతాయో నాచేత పైకి చదివించి, అప్పుడు నిజంగా తీసి, తిరిగి వేశారు. మిగతా మిషన్లలోనూ ఇలాగే చేస్తే, ఐదు బాగయ్యాయి. ఆరోది మొండికేసింది.

"పర్జ్ కూడా చేశాం కదండీ."

"పర్జ్ సిస్టమ్ జోలికే పోద్ది. మనుషుల ఇళ్ళలోకి రాదు. వాడేవాళ్ళ సొంత ఫైళ్ళుండే హోమ్ ఫోల్డర్లో, పేరు ముందు చుక్క పెట్టుకుని దాక్కున్నవి ఉంటయ్. అవి మనమే చూసుకోవాలి." వేళ్ళు ఆడిస్తూ, "చుక్కలు చదవడం మాకు కొత్తా?" అన్నారు. బ్రెయిలీ చుక్కల మీద ఆమె చేసిన ఆ హాస్యానికి పిల్లలు పడీ పడీ నవ్వారు. వాటిని వెతికి తీసేశాక, సాయంత్రం ప్రార్థన గంట మోగేలోపు ఆరో మిషను కూడా శుభ్రంగా మాట్లాడింది.

ఆమె నా తప్పు గురించి ప్రిన్సిపాల్‌కి చెప్పలేదు. నాతో మాత్రం ఒక్కటే అన్నారు. "మొత్తం చదివాకే వై కొట్టు. వై కొట్టడానికి తొందరేం ఉండదమ్మాయ్."

ఆ ఉత్సాహంలో నేను కొన్నాళ్ళు కనబడిన ప్రతిదాన్నీ పర్జ్ చేస్తూ తిరిగాను. హిందీ టీచరు కష్టపడి కుదుర్చుకున్న ప్రింటరు సెట్టింగులు కూడా అందులో ఊడ్చుకుపోయాయి. అప్పుడు మాత్రం టీచరమ్మకి నిజంగా కోపం వచ్చింది. "మళ్ళీ వాడే దానికి రిమూవ్ చాలు. తుడిచిందల్లా చెత్త కాదు" అన్నారు. ఆ మధ్యాహ్నం ఆమే కూర్చుని ప్రింటరు బాగుచేశారు. నాతో రెండు రోజులు ముక్తసరిగా మాట్లాడారు. మూడోరోజు తన బాక్సులో గోంగూర పచ్చడి నా ప్లేటులో వేసి, "ఉప్పెక్కువైంది, చెప్పకుండా తిను" అన్నారు.

అలా ఏడేళ్ళు గడిచాయి. ఈ ఏడాది మిరపకాయలు కల్లాల్లో ఆరబోసే రోజుల్లో ఆమెకి కడుపులో నొప్పి మొదలైంది. ఘాటుకి అందరికీ దగ్గు వస్తోంది, ఆమె కూడా చేతిరుమాలు అడ్డం పెట్టుకుని పాఠం చెబుతున్నారు. ఆ రుమాలు నొప్పిని కూడా దాస్తోందని మాకు తెలియలేదు. బళ్ళు తెరిచాక గుంటూరు పెద్దాసుపత్రిలో చూపించేసరికి జబ్బు చాలా ముదిరిందన్నారు.

నేను వెళ్ళినప్పుడు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. నా అడుగుల చప్పుడుకే గుర్తుపట్టారు.

"ల్యాబు ఎట్టా ఉంది?"

"బాగుందండీ."

"ఆరో మిషను?"

"అదీ బాగుందండీ."

"అబద్ధం" అని నవ్వబోయి, నొప్పికి ఆగిపోయారు. తర్వాత నెమ్మదిగా అన్నారు. "ఒక పని చెప్తా. నేను పోయాక నా అకౌంటు తీసెయ్."

"అట్టా మాట్లాడొద్దండీ."

"మరెట్టా మాట్లాడాలి? కొత్తగా వచ్చేవాళ్ళు నేను పెట్టుకున్న సెట్టింగుల్లో ఇరుక్కోకూడదు. యూజర్ని ఒక్కదాన్నే తీస్తే పేరు పోద్ది, ఇల్లు మిగులుద్ది. హోమ్ ఫోల్డరుతో సహా తీసెయ్. పాస్‌వర్డ్ చెప్తా, రాసుకోకు."

చెప్పారు. "మీరే వచ్చి తీసుకుందురుగాని" అన్నాను. ఆమె నా చెయ్యి వెతుక్కుని పట్టుకున్నారు. ఆ వేళ్ళు ఎప్పుడూ వెచ్చగా ఉండేవి. ఆరోజు చల్లగా ఉన్నాయి. వచ్చే ఆదివారం మళ్ళీ వస్తానన్నాను. ఆ ఆదివారం పేపర్లు దిద్దాల్సినవి ఉన్నాయని వెళ్ళలేదు. బుధవారం ఫోను వచ్చింది. దాని గురించి ఇంతకన్నా రాయలేను.

సమాధి వాళ్ళ ఊళ్ళోనే చేశారు. పిల్లలందర్నీ బస్సులో తీసుకెళ్ళాం. ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని వరసగా నడిచి, గుప్పెడేసి మట్టి వేశారు. ఏడో తరగతి మెర్సీ నా కొంగు లాగి, "ఎంత లోతుంది టీచర్?" అని అడిగింది. నా ఎత్తు ఉంటుందని చెప్పాను. పిడికిట్లో మట్టిని వదలకుండా చాలాసేపు అలాగే నిలబడిపోయింది.

మూడు వారాలు నేను ఆమె కంప్యూటరు ముట్టుకోలేదు. కొత్త టీచరమ్మ సోమవారం చేరుతుందని ప్రిన్సిపాల్ చెప్పాక, శుక్రవారం మధ్యాహ్నం భోజనాల వేళ వెళ్ళి కూర్చున్నాను. పాస్‌వర్డ్ కొట్టగానే ఆమె పెట్టుకున్న గొంతు మొదలైంది. అది మామూలు వేగం కాదు. వడగళ్ళు పడ్డట్టు ఉంటుంది. మా బడిలో ఆ వేగం అర్థం చేసుకోగలిగింది ఆమె ఒక్కరే.

వరండాలో పరుగు వినిపించింది. మెర్సీ, నాగలక్ష్మి, రహమతున్నీసా ముగ్గురూ చేతులు కూడా కడుక్కోకుండా, ఒకరినొకరు గుద్దుకుంటూ గుమ్మంలోకి వచ్చారు.

"టీచరమ్మ వచ్చిందా?" అంది నాగలక్ష్మి.

ముగ్గురూ సమాధి మీద మట్టి వేసిన పిల్లలే. వాళ్ళకి తెలుసు. అయినా వచ్చారు.

"లేదమ్మా, నేనే" అన్నాను.  "అలాగే ఉండనీయండి టీచర్, ఆపొద్దు" అంది మెర్సీ. ఆపలేదు. ఆ గొంతు అలా గలగలా నడుస్తుంటేనే చుక్కతో మొదలయ్యే ఫోల్డర్లన్నీ తెరిచి ఒక్కోటీ చదివాను. తెర చదివే ప్రోగ్రాము సెట్టింగుల్లో ఒక పొడుగాటి పట్టిక కనబడింది. ఏ మాటని ఎలా పలకాలో ఆ ప్రోగ్రాముకి మనం నేర్పే పట్టిక అది.

అందులో ఉన్నవన్నీ పిల్లల పేర్లు. మా రిజిస్టర్లో పేర్లు ఇంగ్లీషులో ఉంటాయి, వాటిని కంప్యూటరు ఖూనీ చేసి చదివేది. షేక్ అనడానికి వాడే పొట్టి అక్షరాలని "ఎస్ కే చుక్క" అనేది. ఎడమవైపు రిజిస్టర్లో ఉన్న పేరు, కుడివైపు అది పలకాల్సిన తీరు తెలుగులో. బడి వదిలి పెళ్ళిళ్ళై వెళ్ళిపోయినవాళ్ళ దగ్గర్నుంచీ ఈ జూన్‌లో చేరిన పసిపిల్ల దాకా ఉన్నారు. హాజరు తీసుకునేటప్పుడు ఒక్క పిల్ల పేరు కూడా తప్పు పలకకూడదని ఎన్నేళ్ళు కూర్చుని నింపారో. నడిమధ్యలో నా పేరూ ఉంది. నా పేరులో అందరూ మింగేసే ఒత్తుని ఆమె విడిగా రాసి పెట్టారు.

ఆ పట్టికని పైకి చదివాను. తమ పేర్లు వచ్చినప్పుడు ముగ్గురూ హాజరు పలికినట్టు "ప్రెజెంట్" అన్నారు.

దాన్ని ఒక్కదాన్నీ పిల్లలందరూ వాడే అకౌంటులోకి కాపీ చేశాను. ఇంకేమీ ఉంచుకోలేదు. ఆమె ఎలా చెప్పారో అలాగే, ఆమె అకౌంటులోంచి బయటికి వచ్చి, నా అకౌంటులోంచి కమాండు రాసి, అక్షరం అక్షరం చదువుకుని, ఎంటర్ కొట్టాను. హోమ్ ఫోల్డరుతో సహా పోయింది. ఏమైనా మిగిలిందా అని వెతికాను. ఏమీ మిగల్లేదు.

"అయిపోయిందమ్మా" అన్నాను. భోజనాల వేళ ముగిసిన గంట మోగింది. పిల్లలు ముగ్గురూ కదల్లేదు. అన్నం మెతుకులు అంటిన చేతులు దూరంగా పట్టుకుని, ఏ శబ్దమూ రాని ఆ స్పీకరు వైపే ముఖాలు పెట్టి, వింటూ నిలబడ్డారు.