మెట్లదారిలో పుట్టిన ‘పోరా’

డెబ్బైల చివర డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో కాపురం పెట్టాం. కార్లకు వేసే రంగుల్ని పరీక్షించే ల్యాబ్‌లో నాకు ఉద్యోగం. లంచ్ అవర్‌లో మా ల్యాబ్ మగవాళ్ళు నలుగురు వెనక మెట్లదారిలో నిలబడి డూవాప్ పాడేవారు. ఒకరు మాటలు పాడితే, మిగతావాళ్ళు వాయిద్యాలకు బదులు నోటితో అర్థంలేని శబ్దాలు అల్లుతారు. వాళ్ళలో ఒకాయన వేరే ప్లాంట్‌కి వెళ్ళిపోతే, తెలుగు చర్చిలో కీర్తనలు పాడే నన్ను ఆ ఖాళీలో నిలబెట్టారు.

మాటలు పాడే ఆయన డెట్రాయిట్‌లోనే పుట్టి పెరిగిన నల్లజాతి మనిషి, మహా మొండి. నేనేం తక్కువా? నా శ్రుతి తగ్గిందని ఆయన, ఆయనదే పెరిగిందని నేను. ఒకరోజు ఒళ్ళు మండి తెలుగులో “పోరా, పోరా!” అనేశాను.

ఆయన మొహం వెలిగిపోయింది. “సిస్టర్, మళ్ళీ అను!”

అన్నాను. లావు గొంతాయన వెంటనే అందుకున్నాడు. మెట్లదారి అంతా పోరా పోరా.

“మీనింగ్ ఏంటి?”

“కమ్, డార్లింగ్,” అన్నాను, నవ్వు బిగబట్టి.

అది మా పాటకు వెనకపాట అయిపోయింది. కొన్నాళ్ళకు మాటలు పాడే ఆయన చెప్పాడు: పోట్లాడి అక్కగారింటికి వెళ్ళిపోయిన ఆయన భార్య ఆఫీసు పిక్నిక్‌కి వస్తోందట. “ఆ పాట ఆమె కోసమే. వెనకనుంచి మీరు పిలుస్తూ ఉండండి. ఆమె ఇంటికొస్తే చాలు నాకు.”

ఊరందరితో తగువు పెట్టుకునేదాన్ని, అప్పుడు మాత్రం “అలాగే” అని తలూపాను.

పిక్నిక్‌కి వెళ్తూ కారులో మా ఆయనకు చెప్పాను. ఆయన ఒకటే నవ్వు. “ఆడమనిషిని పొమ్మనాలంటే ‘పోవే’ అనాలి కదే! గ్రామర్ కూడా తప్పేనా?”

“నోరు మూసుకుని డ్రైవ్ చెయ్యండి.”

పిక్నిక్‌లో మాటలు పాడే ఆయన భార్య ముందు వరుసలో, ఒళ్ళో హ్యాండ్‌బ్యాగ్ పెట్టుకుని కూర్చుంది. మేం వెనకపాట ఎత్తుకోగానే, పులిహోర డబ్బాలు ముందేసుకున్న, మా ఆఫీసులోని మన తెలుగువాళ్ళ కుటుంబాలు గొల్లుమన్నాయి. ఆవిడ వెనక్కి తిరిగి ఆ నవ్వేవాళ్ళను చూసింది, తర్వాత మొగుణ్ణి చూసింది. గబగబా “రావే రావే” అని మార్చాను. మగవాళ్ళు పోరా, నేనొక్కదాన్నీ రావే. గొంతులు విడిపోయాయి. పాట అవకముందే ఆవిడ లేచి కారు దగ్గరికి వెళ్ళిపోయింది. ఆయన మాత్రం ఆగలేదు, పార్కింగ్ లాట్ వైపే చూస్తూ చివరిదాకా పాడాడు.

ఆవిడ లేచింది నవ్వులకో, పాట చెడినందుకో, ఇద్దరి మధ్యా ఉన్న పాత గొడవకో. నా తరఫున ఎన్ని వాదనలైనా చెప్పగలను. చెప్పుకున్నాను కూడా. ఒక్కటీ నిలవలేదు.

“లైన్ ఎందుకు మార్చావు సిస్టర్?” అన్నాడాయన, కోపం లేకుండా. “సరిగ్గా అప్పుడే పిలవడం ఆపేశావు.”

“మర్చిపోయాను.”

సోమవారం లంచ్‌కి మళ్ళీ మెట్లదారి. ఆవిడ ఇంకా అక్కగారింట్లోనే ఉంది. ఆయన వేళ్ళతో చిటికేసి తాళం ఇస్తూ నావైపు తిరిగాడు.

“ఈసారి గట్టిగా పిలవాలి, సరేనా?”

పోరా పోరా అని పాడాను. శ్రుతి తప్పలేదు.